మందుల దుకాణంలో జరిగిన పొరపాటు – బాధ్యత ఎవరిది?

కొన్ని నెలల క్రితం ఒకరోజు ఫజ్ర్ నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. దగ్గరలోని ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాడు. డి.ఫార్మసీ చదివి, ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవాడు. "మౌలానా సాబ్, నా చేతులతో ఒక ఖాలాకు తప్పు మందు ఇచ్చాను. అల్లాహ్ దగ్గర నా హిసాబ్ ఏమిటి?" అని అడిగాడు.

జరిగింది ఇది. షుగరు వ్యాధి ఉన్న ఆ వృద్ధురాలికి ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశారు. రాత్రి పది దాటాక ఆమె మనవడు చీటీ తెచ్చాడు. అప్పుడు కౌంటరు ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. లోపల ఇతనొక్కడే ఉన్నాడు. చీటీలో మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప మిగతాదంతా గీతలాగే ఉంది. ఆ మూడు అక్షరాలతోనే మొదలయ్యే మరో మందు మెట్రోనిడజోల్. అది విరేచనాలకు, కొన్ని సూక్ష్మక్రిముల జబ్బులకు ఇచ్చేది. ఇతని చేయి ఆ డబ్బా మీదికి వెళ్ళింది. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చాడు. ఆ పెద్దావిడ అయిదు రోజులు దాన్నే షుగరు మాత్ర అనుకొని వేసుకున్నది. నోట్లో ఇనుప రుచిగా ఉందని అంటే ఇంట్లోవారు పట్టించుకోలేదు. ఆరోరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. షుగరు బాగా పెరిగిందని ఆసుపత్రిలో చేర్చారు. అల్హమ్దులిల్లాహ్, కోలుకున్నది. పత్యం తప్పి ఉంటుందని అందరూ ఆమెనే మందలించారట!

మనవడు అదే చీటీ పట్టుకొని మళ్ళీ వచ్చినప్పుడు మధ్యాహ్నం. రద్దీ లేదు. ఈసారి ఇతను చీటీ సరిగా చదివాడు, గుండె ఆగినంత పనయింది. సరైన మందు ఇచ్చి పంపాడు గాని నోరు విప్పలేదు. సేఠ్‌కు చెబితే, "ఎవరికీ చెప్పకు, దుకాణం పేరు పోతుంది, నీ సర్టిఫికెట్టూ పోతుంది" అన్నాడు. ఆ సేఠ్ అయిదు పూటలా నమాజు చదివే మనిషి. మా మసీదు సఫ్‌లోనే నిలబడతారు.

మేము ఆ యువకుడికి ఇచ్చిన జవాబు చాలా చిన్నది. అనుకోకుండా జరిగిన తప్పుకు అల్లాహ్ దాసుణ్ణి పట్టుకోడు, ఇస్తిగ్ఫార్ చేసుకో, ఇకమీదట జాగ్రత్తగా ఉండు, అన్నాము. అతను తల ఊపి లేచి వెళ్ళాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "జాగ్రత్తగానే ఉంటాను మౌలానా సాబ్. పొద్దున ఎనిమిదికి తెరుస్తాను, రాత్రి పదకొండుకు మూస్తాను. ఏ గంట వరకు జాగ్రత్తగా ఉండమంటారు?" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని రోజంతా వదల్లేదు. మా జవాబులో తప్పు లేదు. కాని అది మస్అలాలో పావు భాగానికి మాత్రమే జవాబు. మిగతా భాగాన్ని మేము చూడనే లేదు.

మొదట పొరపాటు సంగతి. ఉద్దేశం లేని తప్పుకు పాపభారం లేదన్నది నిజమే. అయితే షరీఅత్ అంతటితో ఆగదు. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం పోతే ఏం చేయాలో సూరె నిసా 92వ ఆయతులో ఉంది. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా చనిపోయినవారి కుటుంబానికి దియత్ అంటే రక్తపరిహారం ఉంది, దానికి తోడు కఫ్ఫారా కూడా ఉంది. పాపం అల్లాహ్‌కు, దాసునికి మధ్య ఉన్న విషయం. నష్టం మాత్రం నష్టపోయినవారి హక్కు. ఆ హక్కు ఇస్తిగ్ఫార్‌తో తీరదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అని దైవప్రవక్త (స) చెప్పిన మాట హదీసు గ్రంథాల్లో ఉంది. తెలిసినవాడు పద్ధతి ప్రకారం చేసినా ఫలితం వికటిస్తే అతనిపై భారం లేదని ఫుఖహాలు దాని నుంచి గ్రహించారు. మన యువకుడు ఎక్కడ నిలబడతాడు? అతనికి విద్య ఉంది. కాని ఆ రాత్రి పది గంటలకు ఆ విద్య అతని వద్ద ఉన్నదా?

ఇక్కడే అలసట ప్రశ్న వస్తుంది. దీన్ని మనవాళ్ళు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పాత కాలంలో మేము పద్దెనిమిది గంటలు పనిచేశాం, ఇప్పటి కుర్రాళ్ళు సుకుమారులు, అంటారు. షరీఅత్ అలసటను తేలిగ్గా తీసుకోలేదు. ఖాజీ కోపంలో ఉండగా తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (స) వారించారు. ఫుఖహాలు ఆ మాటను కోపం దగ్గరే ఆపలేదు. ఆకలి, దాహం, నిద్రమత్తు, దుఃఖం, చివరకు మూత్రాన్ని ఆపుకొని కూర్చోవడం కూడా అందులో చేర్చారు. బుద్ధిని చెదరగొట్టేది ఏదైనా తీర్పును చెడగొడుతుంది కాబట్టి. నమాజు సంగతి చూడండి. రాత్రి నమాజులో కునుకు వస్తే ఆపి పడుకోమని ఆయన (స) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నిద్రమత్తులో మనిషి తన కోసం క్షమాపణ వేడుకోబోయి తనను తానే శపించుకోవచ్చు. ఆరాధనలో, తనకు తానే చేసుకొనే దుఆలో, మాట తారుమారవుతుందని ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, ఇతరుల ప్రాణానికి సంబంధించిన మందు పేరు తారుమారయ్యే చోట ఎంత జాగ్రత్త ఉండాలి?

మందుల పేర్లు తారుమారవడం మా ఊహ కాదు. పైన చెప్పిన జత ప్రపంచమంతటా ఫార్మసిస్టులను హెచ్చరించే జాబితాల్లో ఉంది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మాత్రను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాన్ని రోజూ వేసుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. "వారానికి ఒక్కసారి" అనే ఆ రెండు మాటలు నోరు తెరిచి చెప్పడానికి ఫార్మసిస్టుకు అర నిమిషం చాలు. కౌంటరు ముందు ఎనిమిది మంది "జల్దీ భాయ్, జల్దీ" అంటుంటే ఆ అర నిమిషమే దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ పొరపాట్ల వల్ల ఏటా ప్రపంచానికి 4,200 కోట్ల డాలర్ల నష్టమని అప్పుడు అంచనా వేసింది. సిబ్బంది అలసట, పని రద్దీ, మనుషుల కొరత ఈ పొరపాట్లకు కారణాలని కూడా చెప్పింది.

ఇంగ్లండులో జరిగిన ఒక ఉదంతం ఈ మస్అలాకు చాలా దగ్గరగా ఉంది. 2007లో ఒక ఫార్మసిస్టు ప్రెడ్నిసొలోన్ ఇవ్వవలసిన వృద్ధురాలికి ప్రొప్రనొలాల్ ఇచ్చింది. మొదటిది స్టెరాయిడ్. రెండోది గుండె వేగాన్ని తగ్గించే మందు, ఊపిరి సమస్య ఉన్నవారికి ప్రమాదకరం. ఫార్మసిస్టు ఆ రోజు దాదాపు పది గంటల షిఫ్టులో ఉంది. రోగి తరువాత మరణించింది. కేసు నడిచి, 2009లో ఫార్మసిస్టుకు మూడు నెలల జైలుశిక్ష పడింది, అయితే దాని అమలును నిలిపి ఉంచారు. 2010లో పై కోర్టు ఆ శిక్షను కొట్టివేసి 300 పౌండ్ల జరిమానాతో సరిపెట్టింది. ఆ తరువాత ఆ దేశంలో ఫార్మసిస్టులంతా భయపడిపోయారు. పొరపాటు చెబితే జైలు, చెప్పకపోతే రోగికి ప్రమాదం. చివరకు 2018లో చట్టం మార్చారు. రిజిస్టరైన ఫార్మసిస్టు తన వృత్తిధర్మంలో ఉండగా అనుకోకుండా చేసిన పొరపాటుకు నేరస్థుడు కాకుండా రక్షణ దొరుకుతుంది. కాని ఆ రక్షణకు షరతులున్నాయి. పొరపాటు తెలిసిన వెంటనే రోగికి తెలియజేయడానికి ప్రయత్నించి ఉండాలన్నది వాటిలో ఒకటి.

ఆ షరతు గురించి చదివినప్పుడు మాకు సిగ్గేసింది. మా దగ్గరకు వచ్చిన యువకుడికి మేము ఆ మాటే చెప్పలేదు. ఆ ఇంట్లో మిగిలిన సగం స్ట్రిప్పు ఇంకా ఉండి ఉంటుంది! ఆమె వైద్యుడికి అసలు కారణం తెలియదు. తెలియక షుగరు మందు మోతాదు పెంచితే? దుకాణం పేరు, సర్టిఫికెట్టు, మా ఇస్తిగ్ఫార్ సలహా, ఇవన్నీ కలిసి ఒక పెద్దావిడ హక్కును కప్పిపెట్టాయి.

ఇక యజమాని సంగతి. ఫిఖహ్‌లో ముబాషిర్, ముతసబ్బిబ్ అని రెండు మాటలున్నాయి. స్వయంగా చేతితో చేసినవాడు ముబాషిర్. దానికి కారణమైనవాడు ముతసబ్బిబ్. ఇద్దరూ ఉన్నచోట హుకుం చేసినవాడికే వర్తిస్తుందని ఉస్మానియా సల్తనత్ కాలంలో కూర్చిన మజల్లా 90వ దఫా చెబుతుంది. కారణమైనవాడు హద్దు మీరితే తప్ప భారం మోయడని 93వ దఫా సారం. ఖాజీ ముందు వ్యవహారం ఇలాగే నడుస్తుంది. కాని మన ఉలమా ఖజాఅన్, దియానతన్ అని తేడా చూపిస్తారు. న్యాయస్థానంలో హుకుం ఒకటి, అల్లాహ్ ఎదుట జవాబుదారీ మరొకటి. ఒక్కణ్ణే పదిహేను గంటలు నిలబెట్టడం హద్దు మీరడం అవుతుందా కాదా? మా చిన్న జ్ఞానం మేరకు అవుతుంది. తమ క్రింద పనిచేసేవారిపై మోయలేని భారం వేయవద్దని, వేస్తే తామూ చేయి కలిపి సహాయపడాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ మాట బానిసల విషయంలో చెప్పబడింది. జీతగాడు బానిస కన్నా తక్కువవాడు కాడు కదా!

హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ఒకటి ముఅత్తాలో ఉంది. హాతిబ్ గారి ఇంటి బానిసలు ముజైనా తెగ మనిషి ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకొని తిన్నారు. నేరం రుజువైంది. చేతులు నరకమని ఉమర్ (రజి) ఆజ్ఞాపించారు కూడా. అంతలో ఆగి, యజమానితో, మీరు వీళ్ళను ఆకలితో ఉంచుతున్నట్లున్నారే, అన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఒంటె వెల ఎంతని అడిగారు. నాలుగు వందల దిర్హములు. ఎనిమిది వందలు చెల్లించమని యజమానికి విధించారు. రెట్టింపు జరిమానా విషయంలో ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ ప్రాంతపు ఆచరణ అలా లేదని కూడా అక్కడే చెప్పారు. కాబట్టి దీన్ని పట్టుకొని ఈనాడు ఎవరిమీదా జరిమానా వేయమని మేము అనడం లేదు. మేము చూసేది ఆ క్షణాన్ని. అమీరుల్ మొమినీన్ ముందు ఆజ్ఞ ఇచ్చారు, తరువాత బానిసల ముఖాలు చూశారు, ఇచ్చిన ఆజ్ఞను వెనక్కి తీసుకున్నారు. దొంగిలించిన చేతి వెనుక ఉన్న ఆకలిని చూశారు. మన యువకుడి చేతి వెనుక పదిహేను గంటలు ఉన్నాయి.

సేఠ్ పక్షాన కూడా నిలబడి చూడాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. 2013 నాటి మందుల ధరల ఉత్తర్వు ప్రకారం ధర కట్టిన మందుల్లో చిల్లర వ్యాపారికి లెక్కకట్టే లాభం నూటికి 16. దానిలోనే అద్దె, కరెంటు, ఫ్రిజ్, కాలం తీరి పారేసే సరుకు. పక్క వీధిలో పెద్ద కంపెనీ దుకాణం నూటికి ఇరవై తగ్గింపు బోర్డు పెడుతుంది. ఫోనులో ఆర్డరు ఇస్తే ఇంటికే మందు తెచ్చే కంపెనీలు మరో పక్క. ఇద్దరు ఫార్మసిస్టులను పెట్టుకోవడం చిన్న దుకాణానికి నిజంగానే కష్టం. రాత్రి పదకొండుకు బిడ్డకు జ్వరమొస్తే దుకాణం తెరిచి ఉండటం కూడా జనానికి మేలే. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక మాట మిగులుతుంది. ఒక మనిషినే పెట్టుకోగలిగితే ఒక మనిషి మోయగలిగినంత సేపే దుకాణం తెరవాలి. దుకాణాల చట్టం వారానికి 48 గంటలన్నది ఊరికే పెట్టలేదు. రాత్రి అవసరం మాటంటారా, మొహల్లాలో నాలుగు మెడికల్ షాపులుంటే నలుగురూ ప్రతి రాత్రీ పదకొండు వరకు కాచుకొని కూర్చోవడం దేనికి? వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి నాలుగు రోజులకు ఒక రాత్రి వస్తుంది. ఆదివారాలకు ఇలాంటి ఏర్పాటు చేసుకున్న ఊళ్ళు ఉన్నాయి.

చాలా దూరంలో కూడా ఇదే గోడు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక పెద్ద మందుల కంపెనీ దుకాణాల ఫార్మసిస్టులు పనికి రాకుండా ఆగిపోయారు. తరువాతి నెలలో మరో కంపెనీ వారు. వారు ప్రధానంగా అడిగింది జీతం పెంచమని కాదు. మనుషుల్ని పెంచండి, ఈ రద్దీలో మేము రోగులకు హాని చేస్తామేమోనని భయంగా ఉంది, అన్నారు. మన హైదరాబాదు నుంచి వెళ్ళిన పిల్లలు కూడా అలాంటి కౌంటర్ల వెనుక నిలబడి ఉన్నారు. ఆ తల్లిదండ్రులు ఈ పేజీ చదివితే ఫోనులో జీతం ఎంతని అడగడంతో పాటు భోజనం ఎన్ని గంటలకు చేస్తున్నావని కూడా అడగండి.

ఇప్పుడు మన ఇళ్ళలో మాట్లాడని ఒక సంగతి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు చీటీపై మందు ఇవ్వవలసింది రిజిస్టరైన ఫార్మసిస్టు. ఉల్లంఘనకు జరిమానాను 2023లో రెండు లక్షల వరకు పెంచారు. దుకాణాలు అర్హులైన ఫార్మసిస్టులతోనే నడిచేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదీ ఫార్మసీ కౌన్సిల్‌దీ అని సుప్రీంకోర్టు 2022లో బీహారుకు సంబంధించిన ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా ఎన్నో దుకాణాల్లో గోడమీద వేలాడేది ఒకరి సర్టిఫికెట్టు, కౌంటరులో నిలబడేది మరొకరు. సర్టిఫికెట్టు గల మనిషి గల్ఫులో ఉంటాడు, లేదా వేరే ఉద్యోగంలో ఉంటాడు. నెలనెలా అద్దె అతని ఇంటికి చేరుతుంది. ఆ డబ్బుతో బిడ్డల ఫీజులు కడతారు, ఉమ్రాకు కూడా జమ చేస్తారు.

ఈ అద్దె హలాలా అని మమ్మల్ని అడిగినవారు ఇద్దరు ముగ్గురున్నారు. మేము ధర్మసమ్మతం అనలేము. ఆ కాగితం ఒక సాక్ష్యం. ఈ దుకాణంలో తెలిసినవాడు నిలబడి ఉన్నాడని గోడ మీద నుంచి చెప్పే సాక్ష్యం. మనిషి లేనప్పుడు అది అబద్ధపు సాక్ష్యం. పని చేయకుండా, హాజరు కాకుండా తీసుకునే ఆ సొమ్ము దేనికి మజూరీ? ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సర్టిఫికెట్టు కొన్ని వేలకు అద్దెకు దొరుకుతుంటే, నిజంగా నిలబడి పనిచేసే ఫార్మసిస్టుకు సరైన జీతం ఎవరిస్తారు? మన యువకుడు జీతం పెంచమంటే సేఠ్ అన్న మాట ఇదే: "నీకిచ్చే దానిలో సగానికి కాగితం దొరుకుతుంది, పదో తరగతి కుర్రాడు మందులు తీసిస్తాడు."

మధ్యయుగంలో కైరో, డమాస్కస్ వంటి నగరాల బజార్లలో మందులు అమ్మే సైదలానీలను ముహ్తసిబ్ తనిఖీ చేసేవాడు. కల్తీలు ఎలా పట్టుకోవాలో హిస్బా గ్రంథాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. ఈనాడు ముహ్తసిబ్ లేడు, డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఉన్నారు. ఆయన ఎప్పుడు వస్తారో దుకాణాలకు ముందే తెలుస్తుందని అంటారు. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాము.

కొనేవాళ్ళం మనమే కాబట్టి మన వంతు కూడా చెప్పాలి. రంజానులో అస్ర్ తరువాత మెడికల్ షాపు ముందు నిలబడి చూడండి. ఉపవాసంతో ఉన్న మనిషి కౌంటరు వెనుక, ఇఫ్తారు వేళ ముంచుకొస్తోందని అరిచే మనుషులు ముందు. కొందరు షుగరు, బీపీ మాత్రలు సహరీకి వేసుకోవాలా ఇఫ్తారుకా అని అతన్నే అడుగుతారు. మోతాదు వేళలు మార్చడం రంజానుకు ముందే డాక్టరును అడగవలసిన విషయం. ఇంకొందరు చీటీ లేకుండానే, "పోయినసారి ఇచ్చిన ఎర్ర మాత్ర ఇవ్వు" అంటారు. నాలుగు మాత్రలు చాలని స్ట్రిప్పు కత్తిరిస్తే, పేరు ఒక ముక్కకు, కాలం తీరే తేదీ మరో ముక్కకు పోతాయి. ఆ ఖాలా ఇంట్లో ఎవరూ పొరపాటును పట్టుకోలేకపోవడానికి అదీ ఒక కారణం. పేరున్న ముక్క దుకాణంలోనే మిగిలిపోయింది. బిల్లు అడిగి తీసుకొని ఉంటే అందులో మందు పేరు ఉండేది. చదువుకున్న మనవడు చీటీతో పోల్చి చూసేవాడు.

మరుసటి రోజు ఫజ్ర్ తరువాత ఆ యువకుణ్ణి మేమే పిలిపించాము. నిన్న మేము చెప్పింది సగమే, ఆ ఇంటికి వెళ్ళి చెప్పాలి, మేమూ వస్తాము, అన్నాము. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. "ఉద్యోగం పోతే?" అన్నాడు. పోవచ్చు భాయ్, అన్నాము. పోదని అబద్ధం చెప్పలేకపోయాము.

వెళ్ళాము. ఖాలా కొడుకు గట్టిగానే అరిచాడు. గల్లాలో వారు బయటికి వచ్చి నిలబడ్డారు. ఖాలా మంచం మీద నుంచి, "మరి నోరు ఇనుములా ఉందని నేను చెప్పలేదా? ఎవరైనా విన్నారా?" అని కొడుకును, కోడల్ని, మనవణ్ణి వరుసగా చూసింది. తరువాత తలగడ క్రింద నుంచి మిగిలిన ముక్క తీసి ఇచ్చింది. ఇంకా మూడు మాత్రలున్నాయి. అదే రోజు కొడుకు ఆ ముక్కను తీసుకొని ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకు చూపించాడు. వారు ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే అది వారి హక్కే.

యువకుడు ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాడు. మాన్పించారని కొందరంటారు, మేము అడగలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఎనిమిది గంటల షిఫ్టులో ఉన్నాడు. సేఠ్‌తో మేము రెండుసార్లు మాట్లాడాము. మొదటిసారి కోపగించారు. రెండోసారి, మొహల్లాలోని మిగతా ముగ్గురు వంతులకు ఒప్పుకుంటే తనూ తొమ్మిదికి మూస్తానన్నారు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో దుకాణం ఆయనతో మాట్లాడటానికి వచ్చే జుమా తరువాత సేఠ్, మేము కలిసి వెళ్తున్నాము.